లేనివాళ్ళ హాజరు

2019 జనవరి 21, సోమవారం

ఈ నోటుబుక్కు నా కూతురు ఉజ్మా కోసం కొన్నది. గీతలు మరీ దగ్గరగా ఉన్నాయని మూతి ముడిచింది, నేను తీసుకున్నాను. పదో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివాను కాబట్టి రాయడం ఇంకా చేతిలోనే ఉంది. మా ఆయన ముస్తకీమ్‌కు ఉర్దూ తప్ప చదవడం రాదు. దీన్ని ఎక్కడో దాచాల్సిన పనిలేదు, కుట్టుమిషను సొరుగులో పడేస్తే చాలు.

ఎవరితోనైనా చెబితే "తాహేరాకు పొద్దున లేస్తే భయమే" అని నవ్వుతారు. నవ్వని చోటు ఒకటి కావాలి నాకు.

ఇవాళ్టి భయం బడి గేటు. గడియ ఊడిపోయి, దసరా నుంచి ఇనుప తీగతో కట్టి ఉంది. ఏడేళ్ళ పిల్ల కూడా విప్పగలదు. ఉజ్మా నా ముందే విప్పి చూపించింది, అదేదో గొప్ప విద్య అయినట్టు. డానియల్ సార్‌తో చెప్పాను. "రాసుకున్ననమ్మా" అన్నాడు. మరుగుదొడ్డిలో నీళ్ళు రావడం లేదన్నప్పుడూ రాసుకున్నాడు. మండలంలో మీటింగు ఉన్నరోజు పిల్లల్ని ఐదో తరగతి పిల్లకు అప్పజెప్పి పోవద్దన్నప్పుడూ రాసుకున్నాడు. ఆయన పుస్తకం ఈపాటికి నిండిపోయి ఉంటుంది. మనిషి మంచివాడే పాపం. నల్లగొండ నుంచి బస్సులో వస్తాడు, ఐదు తరగతులకూ ఆయనొక్కడే.

సెలవులయ్యాక బడి బోసిపోయింది. గొర్లమందలు మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోయాయి. వాటి వెంట తొమ్మిదిమంది పిల్లలూ పోయారు. మా వాడకట్టులోని కురుమయ్య తాత తన మనవరాలు స్వర్ణను కూడా తీసుకుపోయాడు. స్వర్ణ, ఉజ్మా ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

జనవరి 24, గురువారం

బడిలో తల్లిదండ్రుల మీటింగు. సార్ ఉన్నమాట చెప్పాడు. రిజిస్టరులో ఇరవై ఒక్క పేర్లు, వచ్చేది పన్నెండుమంది. ఇరవైకి తగ్గితే మా చిన్నబడిని మూసి, రోడ్డవతల పెద్దబడిలో కలుపుతారని మండలంలో అనుకుంటున్నారట.

రోడ్డవతల.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు. మా గూడెం ఇటు, కట్టంగూరు పెద్దబడి అటు. నాలుగు వరుసల్లో బండ్లు. మధ్యన డివైడరుకు ఒక సందు ఉంది, ఎవరైనా అక్కడే దాటాలి. ముస్తకీమ్ పంక్చరు దుకాణం ఆ సందుకు ఎదురుగానే. అక్కడ పెద్దవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి దాటుతారు. ఆరేళ్ళ, ఏడేళ్ళ పిల్లలు రోజుకు రెండుసార్లు ఎట్లా దాటుతారు?

అందరం కలిసి ఒకమాట అనుకున్నాం. వలసపోయిన పిల్లలు వానలు పడితే తిరిగి వచ్చేవాళ్ళే. అప్పటిదాకా వాళ్ళకూ హాజరు వేస్తే ఎవరికీ నష్టం లేదు. ఈ మాట ముందు ఎవరన్నారో గుర్తు లేదు.

సార్ తల పట్టుకున్నాడు. "పలుకు ఇనపడకుండ టిక్కు పెట్టుడు నాతోని కాదమ్మా. పొద్దున ప్రార్థన చేసుకొని వచ్చేటోణ్ణి" అన్నాడు.

దానికీ దారి దొరికింది. ఉన్న పిల్లలే లేనివాళ్ళ పేర్లకు పలుకుతారు. సార్ తల వంచుకొని పేర్లు పిలుస్తాడు, ఎత్తి చూడడు. పలుకు వినిపిస్తుంది, టిక్కు పడుతుంది. ఆ తొమ్మిదిమందీ మధ్యాహ్నం ఇంటికి పోయి తింటున్నట్టు రాస్తానన్నాడు. బియ్యం గింజ కూడా ఎక్కువ తియ్యనని అందరి ముందూ చెప్పాడు.

స్వర్ణ పేరుకు ఉజ్మా పలకాలి.

జనవరి 29, మంగళవారం

ఉజ్మా ఇంట్లో సాధన చేస్తోంది. తన పేరుకు సన్నగా "ప్రెజెంట్ సార్" అంటుంది, స్వర్ణ పేరుకు గొంతు లావు చేసి అంటుంది. "స్వర్ణకు సర్ది చేసినట్టున్నదే" అని ముస్తకీమ్ నవ్వాడు. నేనూ నవ్వాను.

కాసేపటికి నా మిషను దగ్గరికి వచ్చింది.

"అమ్మీ, నేను పలికితే స్వర్ణ బడిల ఉన్నట్టేనా?"

"రిజిస్టరుల ఉన్నట్టు."

"మరి నా పేరుకు ఎవరన్న పలికితే?"

హోంవర్కు చేసుకోమని కసిరాను.

ఫిబ్రవరి 7

మధ్యాహ్నం రోడ్డు మీద బ్రేకుల చప్పుడు. ఉజ్మా ఇంటికొచ్చేదాకా మిషను తొక్కలేదు.

ఫిబ్రవరి 13, బుధవారం

మండలం నుంచి ఒక సార్ వచ్చాడు. పిల్లల్ని చూసి "మిగిలినోళ్ళేరీ?" అని అడిగాడట. జాతరకు పోయారని డానియల్ సార్ చెప్పాడట. వచ్చినాయన రిజిస్టరు తిరగేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. గండం గడిచింది. పిల్లలకు రోడ్డు తప్పింది. సంతోషపడాల్సిన రోజు. సూదికి దారం ఎక్కించబోతే నాలుగుసార్లు తప్పింది.

ఫిబ్రవరి 14

ఉజ్మా అంది: "స్వర్ణ పేరుకు పలికినప్పుడల్ల తలుపు దిక్కు చూస్తున్న అమ్మీ. వస్తదేమో అని."

బెంచీ మీద దాని జాగా కూడా ఎవరినీ కూర్చోనివ్వడం లేదట.

ఫిబ్రవరి 21, గురువారం

సాకిబ్ గురించి ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను. నిన్నటి నుంచి వాడే కళ్ళ ముందు తిరుగుతున్నాడు.

మా పుట్టిల్లు కూడా ఈ రోడ్డు మీదే, పదిహేను కిలోమీటర్ల దూరంలో. అప్పుడు రోడ్డు ఇంత వెడల్పు లేదు. నాకు పదకొండేళ్ళు, తమ్ముడు సాకిబ్‌కు ఆరు. మా బడి అవతల ఉండేది. రోజూ వాణ్ణి నేనే దాటించేదాన్ని. ఆరోజు లారీ వచ్చింది. నేను వాడి చెయ్యి పట్టుకునే ఉన్నాను. వాడే విడిపించుకుని ఉరికాడు. అమ్మకు అదే చెప్పాను. పోలీసులు అడిగితే అదే చెప్పాను.

పట్టుకునే ఉన్నాను.

ఫిబ్రవరి 27

గేటుకు కొత్త తీగ చుట్టారు. పాతదానికంటే ఇది సులువుగా విప్పొచ్చని ఉజ్మా చెప్పింది.

మార్చి 6

ఇవాళ రాయలేను. నా కొంగు ఉజ్మా చేతికి ముడేసుకున్నాను.

మార్చి 7, గురువారం

నిన్నటిది రాయాలి. రాయకపోతే మిషను దగ్గర కూర్చోలేను, పొయ్యి దగ్గర కూర్చోలేను.

నాలుగింటికి బడి వదులుతారు. నాలుగుంబావుకల్లా ఉజ్మా గడపలో ఉంటుంది. నిన్న నాలుగున్నరైనా రాలేదు. పక్కింటి గజాలా మూడో తరగతి, అది వచ్చి అప్పుడే వాకిట్లో ఆడుకుంటోంది. "ఉజ్మా ఏదే?" అన్నాను. "తెల్వదు ఆంటీ" అని లోపలికి ఉరికింది. అప్పుడే దాని చెయ్యి పట్టుకొని అడగాల్సింది. అడగలేదు.

బడికి పోయేసరికి డానియల్ సార్ తాళం వేస్తున్నాడు. బస్సుకు టైమైంది, భుజాన సంచి ఉంది.

"ఉజ్మా పొద్దున వచ్చింది కదమ్మా" అన్నాడు. నా ముఖం చూసి మళ్ళీ తాళం తీశాడు. రిజిస్టరు తెచ్చి చూపించాడు. ఉజ్మా పేరుకు ఎదురుగా నీలి సిరాతో టిక్కు.

ఆ టిక్కును నేను నమ్మాను. అన్నీ తెలిసిన నేనే నమ్మాను. పిల్ల బడికి వచ్చింది, నాలుగింటిదాకా లోపలే ఉంది, అంటే కనబడకుండా పోయి అరగంటే అయింది, అంటే ఈ చుట్టుపక్కలే ఉంది. లెక్క సరిగ్గానే వేసుకున్నాను.

గూడెమంతా కదిలింది. బడి వెనక చూశారు, మరుగుదొడ్డి గుంత చూశారు, వడ్ల మిల్లు షెడ్డు చూశారు. బడికి దగ్గరలో సోమన్న పొలం ఉంది, ఆయన వ్యవసాయ బావికి గోడ లేదు. ఎవరూ ఆ మాట అనలేదు కానీ అందరి కాళ్ళూ అటే పోయాయి. డానియల్ సార్ కూడా వచ్చాడు. బస్సు పోయింది, చొక్కా బయటికి వచ్చింది, బూట్ల నిండా బురద. నేను అంచుమీద బోర్లా పడుకొని లోపలికి చూశాను. నీళ్ళలో ఒక ముఖం కనబడింది. కేక పెట్టాను. అది నా ముఖమే.

అట్లా గంటకు పైగా పోయింది. పొద్దు వాలుతోంది. బావి దగ్గర చేరిన పిల్లల్ని సార్ అడిగాడు.

"ఆఖరుకు ఉజ్మాను ఎవరు చూసిండ్రు? బడి ఇడిచినంక ఎటు పోయింది?"

గజాలా ఏడుపు అందుకుంది.

"నేనే పలికిన సార్."

"ఏందమ్మా?"

"పొద్దుగాల ఉజ్మా పేరుకు నేనే పలికిన. గేటు కాన్నే నాకు చెప్పింది, నా పేరుకు పలుకుమని. అది లోపలికి రానే రాలే."

సార్ ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. హాజరు పిలిచి, పిల్లల్ని ఐదో తరగతి పిల్లకు అప్పజెప్పి, మండలం మీటింగుకు పోయి మూడున్నరకు వచ్చాడట. దాన్ని పొద్దున్నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. నా పిల్ల పొద్దున తొమ్మిదింటి నుంచి లేదు. మేము దాని కోసం సాయంత్రం నాలుగున్నర నుంచి వెతుకుతున్నాం.

"యాడికి పోతున్ననని చెప్పింది?" అంటూ గజాలాను కుదిపేశాను.

"స్వర్ణ కాడికి."

స్వర్ణ కృష్ణ ఒడ్డున కదా ఉంది అనుకుంటుండగా సోమన్న అన్నాడు: "లేదమ్మా, అక్కడ మేత లేదని కురుమయ్య మంద తిరిగొచ్చింది. నిన్న రాత్రి నా చెల్కలనే మంద వెట్టిండ్రు. పొద్దుగాల రోడ్డు దాటి అవుతల మామిడితోటకు పోయిండ్రు."

రోడ్డు దాటి.

ఎట్లా ఉరికానో గుర్తులేదు. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. ముస్తకీమ్‌కు ఇంకా ఎవరూ ఫోను చెయ్యలేదు, ఆయన ఒక టైరును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"పొద్దుగాల మంద దాటిందా?"

"దాటింది. నేనే ఎర్రగుడ్డ పట్టుకొని లారీలు ఆపిన." నవ్వుతూనే చెబుతున్నాడు. "రెండొందల గొర్లున్నయి. జీవాలు దాటేదాక ఒక్కడన్న హారన్ కొడితే ఒట్టు."

"మందల పిల్లలున్నరా?"

"ఉన్నరు, ఇద్దరో ముగ్గురో. గొర్ల నడుమ..."

అక్కడ ఆగిపోయాడు. చేతిలోంచి టైరు జారి తొట్టిలో పడింది. నా పెనిమిటి ఎర్రగుడ్డ ఊపి లారీలను ఆపి, మా పిల్లను మా పిల్ల అని తెలియకుండా రోడ్డు దాటించాడు.

ఏడుస్తున్నామో అరుస్తున్నామో తెలియకుండా ఇద్దరం రోడ్డు అంచుకు వచ్చాం. అవతలి వైపు, రోడ్డు పక్కన, కురుమయ్య తాత నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కర్ర. ఇంకో చేతిలో ఉజ్మా మణికట్టు.

నేను దూకబోయాను. ముస్తకీమ్ నా రెండు భుజాలూ బిగించి పట్టుకున్నాడు. తాత తొందరపడలేదు. బండ్లు తగ్గేదాకా కదలలేదు. లారీ అడ్డం వస్తే పిల్ల మాయమవుతోంది. లారీ పోతే కనబడుతోంది. మళ్ళీ బస్సు, మళ్ళీ లారీ. ఉంది. లేదు. ఉంది. లేదు. ఎంతసేపు అట్లా నిలబడ్డానో చెప్పలేను. ఒకసారి ట్యాంకరు పోయాక ఆ చోట ఎవరూ లేరు. నా ప్రాణం పోయిందనే అనుకున్నాను. వాళ్ళు డివైడరు సందులోకి వచ్చి నిలబడ్డారు.

ఇటు చేరగానే దాన్ని చెంప మీద కొట్టాను. తర్వాత ఇంకెవరికీ ఇవ్వనట్టు వాటేసుకున్నాను. దాని జుట్టంతా గొర్ల వాసన.

"ఇయ్యాల బడి లేదన్నది బిడ్డా" అన్నాడు తాత. "అమ్మీకి చెప్పే వచ్చిన అన్నది. స్వర్ణ, అది పొద్దంత గొర్రెపిల్లలతోని ఆడుకున్నరు. నా ఫోను కిష్ణల పడి కరాబైంది, లేకుంటే చేస్తుంటి. పొద్దువోతాంది, పొల్లను ఇంటికి తోలిరా అని బక్కమ్మ మొత్తుకుంటె తీస్కొచ్చిన." బక్కమ్మ ఆయన భార్య.

అప్పటికి సార్ కూడా వగర్చుకుంటూ వచ్చాడు. "రిజిస్టరుల ఉన్నది తాతా. ఉన్నదనే టిక్కు పెట్టిన" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తాతకు అర్థం కాలేదు. ఎవరో విడమర్చి చెప్పారు, వలసపోయిన పిల్లల పేర్లకు ఉన్నవాళ్ళు పలుకుతున్న సంగతి.

"మా స్వర్ణకు గూడనా?" అన్నాడు.

సార్ తల ఊపాడు.

"నా మందల ఒక్కటి తక్కువుంటే తక్కువున్నదనే అంట సారూ. లేనిదాన్ని ఉన్నదంటే, ఇగ యాడ దేవులాడుత?"

ఆ మాట సార్‌తో అన్నాడు. నా వైపు చూడనే లేదు. అయినా నేను తల దించుకున్నాను.

మార్చి 9, శనివారం

గూడెంలో అందరి నోటా డానియల్ సార్ పేరే. పిల్లల్ని వదిలి పోయాడని, తల ఎత్తి చూడకుండా హాజరు వేశాడని, ఆయన మీద పై వాళ్ళకు రాయాలని. నా అక్షరం బాగుంటుందని నన్నే రాయమన్నారు. పిల్ల తల్లిని కూడా నేనే కదా, నా సంతకం ముందుండాలట.

రాశాను. ఒక పేజీ నిండింది. "సార్ నిర్లక్ష్యం వల్ల" అని మూడుచోట్ల వచ్చింది. అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

సార్ నిన్నా ఇవాళా బడికి వచ్చాడు. ఎవరు తిట్టినా నోరు విప్పలేదు. జనవరిలో ఆ మాట ఎవరన్నారో ఆయన ఒక్కమాటతో చెప్పొచ్చు. చెప్పలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 11, సోమవారం

బడిలో మీటింగు. నేను రాసినది చదివి వినిపించాలి. కాగితం పట్టుకొని లేచాను. గోడకు ఎక్కాల పట్టిక, దాని కింద సార్ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పిల్లలు కిటికీ బయటి నుంచి చూస్తున్నారు. ఉజ్మా కూడా.

"లేనోళ్ళకు హాజరు వేద్దామన్న మాట ముందుగాల అన్నది నేనే" అన్నాను.

చదవాల్సింది అది కాదు. కానీ అదే వచ్చింది.

గజాలా వాళ్ళమ్మ నా కొంగు లాగింది. "అందరం ఒప్పుకున్నం కదనే. నువ్వొక్కదానివే మీద ఏసుకుంటవేంది?"

"ఒప్పుకున్నరు. అన్నది నేను. ఒకరి పేరుకు ఇంకొకరు పలుకుతరని గూడ నేనే అన్న. సార్ వద్దన్నడు."

జనవరి 24న ఎవరన్నారో గుర్తు లేదని రాశాను. అది రాసేటప్పుడు కూడా నాకు గుర్తుంది.

సోమన్న నెమ్మదిగా అన్నాడు: "ఉన్నది ఉన్నట్టు రాస్తే బడి పోతదమ్మా."

"పోతది" అన్నాను. కాగితం మడిచి కూర్చున్నాను.

ఆ కాగితం చించి ఇంకొకటి రాశాం. పిల్లలు పన్నెండుమందే ఉన్నారని, మీటింగులకు పోయిన రోజు సార్ బదులు ఇంకెవరినైనా పంపాలని, బడి కలిపితే రోడ్డు దాటించే మనిషి ఉండాలని. సార్ కూడా సంతకం పెట్టాడు. ఆయనకు ఏమవుతుందో తెలియదు. నా సంతకం ఆయనదానికి పక్కనే.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేను, ఇక్కడే రాస్తాను. సాకిబ్ చెయ్యి నేను పట్టుకోలేదు. నా చేతిలో చింతకాయ ఉంది. ఉప్పు అద్దుకొని తింటున్నాను. వెనక వస్తున్నాడనే అనుకున్నాను, తిరిగి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా పట్టుకున్నాననే చెబుతున్నాను.

మార్చి 12, మంగళవారం

తొమ్మిదింటికి బడి కిటికీ పక్కన నిలబడ్డాను. సార్ పేర్లు పిలుస్తున్నాడు. గజాలా పలికింది. ఉజ్మా పలికింది. తర్వాత స్వర్ణ పేరు పిలిచాడు.

ఎవరూ పలకలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉజ్మా రెండు చేతులతో నోరు మూసుకుంది. సార్ తల ఎత్తి ఆ ఖాళీ జాగా వైపు చూశాడు, తర్వాత రాసుకున్నాడు.

ఏప్రిల్ 10

ఉత్తరం వచ్చింది. జూన్ నుంచి పెద్దబడి. సార్‌కు మెమో ఇచ్చి దేవరకొండ దిక్కు వేశారు. పోయేముందు మా ఇంటి ముందు ఆగి "పిల్ల మంచిగున్నదా అమ్మా?" అని మాత్రం అడిగాడు. నీళ్ళు ఇచ్చాను, తాగాడు. రోడ్డు దాటించే మనిషి గురించి ఉత్తరంలో ఏమీ లేదు.

ఏప్రిల్ 11

భయం.

జూన్ 3, సోమవారం

రంజాన్ రోజా ఉండి కూడా పొద్దున్నే కురుమయ్య తాత దగ్గరికి పోయాను. మంద ఇంటికి వచ్చింది. రోడ్డు దాటించడం నేర్పమని అడిగాను. నవ్వలేదు ఆయన, అందుకు బతికిపోయాను.

"మందకు ముందొకలుండాలె, ఎనకొకలుండాలె" అన్నాడు. "చిన్నయి నడుమల. ఉరికియ్యొద్దు బిడ్డా, ఉరికితే చెదురుతయి. నడిపియ్యాలె. దాటకముందు చూసుకోవాలె, దాటినంక చూసుకోవాలె. నేను అంకెలు పెట్టను, ఒక్కొక్కదాని మొకం చూస్త."

వచ్చే ఏడు మందతో పోయినా స్వర్ణను తీసుకుపోరట. "నీ కాడ ఇడిచిపెడ్త, ఉంచుకుంటవా?" అని బక్కమ్మ అడిగింది. నా దగ్గరా? నా వెంట వచ్చిన ఉజ్మా అప్పటికే ఉంచుకుంటామని చెప్పేసింది.

జూన్ 12, బుధవారం

ఇవాళ బడి తెరిచారు.

తెల్లవారకముందే లేచాను. "నేనే దాటిస్తలే, నువ్వు ఇంట్ల ఉండు" అన్నాడు ముస్తకీమ్. వద్దన్నాను.

ఎనిమిదిన్నరకు అందరం దుకాణం ముందు చేరాం. ముస్తకీమ్ ఎర్రగుడ్డ తీసుకొని ముందు నిలబడ్డాడు. వెనక నేను. చిన్నవాళ్ళు నడుమ. తాత చెప్పినట్టు ఒక్కొక్కరి ముఖం చూశాను. అది చాలక అంకెలు కూడా పెట్టాను. పన్నెండుమంది, స్వర్ణతో పదమూడు.

నాలుగైదు లారీలు పోనిచ్చాం. తర్వాత ముస్తకీమ్ గుడ్డ ఎత్తాడు. ఒక లారీ ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. నడిచాం. ఇంజన్ల వేడి కాళ్ళకు కొడుతోంది. నా కుడిచేతిలో ఉజ్మా, ఎడమచేతిలో స్వర్ణ. ఎవరో డ్రైవరు హారన్ కొట్టాడు. సాకిబ్ వెనక వస్తున్నట్టే అనిపించింది. తిరిగి చూశాను. ఖాళీ రోడ్డే ఉంది. డివైడరు సందులో ఆగాం. మళ్ళీ చూశాను. మళ్ళీ నడిచాం.

అవతలికి చేరాక ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. పదమూడు.

"అమ్మీ, ఇడువు. చెయ్యి నొస్తాంది" అంది ఉజ్మా. వదిలాను. దాని మణికట్టు మీద నా నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

పెద్దబడి వరండాలో నిలబడ్డాను, పొమ్మనేదాకా ఉందామని. లోపల కొత్త టీచరమ్మ పేర్లు పిలిచింది. ఉజ్మా పేరుకు ఒక సన్నని గొంతు పలికింది. స్వర్ణ పేరుకు ఇంకో గొంతు పలికింది, అది లావుగా లేదు, సర్ది చేసినట్టు లేదు, అసలు ఉజ్మా పలికినట్టే లేదు.

గోడకు ఆనుకొని కాసేపు ఏడ్చాను. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ దాటాలి.